పార్కు మూలన సమ్మమ్మ

ఎల్లస్వామి తన రెండున్నర ఎకరాల చెలకను అమ్మి, అదే చెలకలో నూటయాభై గజాలు తిరిగి కొనుక్కున్నాడు. అమ్మింది ఎకరాల లెక్కన, కొన్నది గజాల లెక్కన. ఈ సంగతి చెప్పి మా కాలనీలో నవ్వుకున్నవాళ్లున్నారు. "ముసలాయనకు వ్యాపారం రాదు" అన్నారు. ఆయన వ్యాపారం చేయలేదని, భార్యకు ఎదురుగా ఉండడానికి ఒక వాకిలి కొనుక్కున్నాడని తెలిసేసరికి నవ్వే స్థితి ఎవరికీ లేకపోయింది.

మా కాలనీ పేరు నందనం ఎన్‌క్లేవ్. హనుమకొండ నుంచి భీమారం దాటి లోపలికి పోతే వస్తుంది. గేటు మీద కమాను, కమాను మీద అమ్మానాన్నా ఇద్దరు పిల్లలూ చేతులు పట్టుకుని నడుస్తున్న బొమ్మ. ప్లాట్లు అమ్మేటప్పుడు పంచిన కాగితం మీద "కుటుంబాలు కోరుకునే చోటు" అని రాశారు. అది అబద్ధమేమీ కాదు. బ్రహ్మచారులకు ఇల్లు అద్దెకివ్వరు, సాయంత్రమైతే పిల్లల సైకిళ్లు, ఆదివారం మామిడాకుల తోరణాలతో ఏదో ఒక ఇంట్లో సత్యనారాయణ వ్రతం. సుబేదారిలో అద్దె ఇళ్లు మారీ మారీ విసిగిపోయిన మాకు, రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఇక్కడ ఒక ఇల్లు కట్టుకోగలగడం పెద్ద సంగతే. నా భార్య విజయలక్ష్మి మొదటిసారి ఈ నేల చూడడానికి వచ్చినరోజు ప్లాటు కన్న ముందు పార్కు మూలన ఉన్న గద్దెను చూసింది. మోకాలెత్తు సిమెంటు గద్దె, తల దగ్గర చిన్న దీపపు గూడు.

"ఇదేంది బాబూ?" అని అడిగింది.

ప్లాట్లు చూపిస్తున్న మనిషి తడుముకోకుండా, "మైసమ్మ తల్లి గద్దె మేడం. ఊరి దేవత. కాలనీకి రక్ష" అన్నాడు.

ఆమె చెప్పులు విప్పి దండం పెట్టుకుంది. ఆ ఒక్క దండంతోనే మా బేరం సగం అయిపోయింది.

మా ఇంటికి రెండిళ్లవతల ఎల్లస్వామి ఇల్లు. బక్కపలచని మనిషి. కొడుకు రాజమౌళి ఇంటి ముందు గదిలోనే నీళ్ల ప్లాంటు పెట్టి కాలనీకంతా క్యాన్లు వేస్తాడు. కోడలు సుకన్య లెక్కలు చూసుకుంటుంది. ఇద్దరు చిన్న పిల్లలు. ఎల్లస్వామికి చేయడానికి పని లేదు. పని లేని రైతు ఎట్లా ఉంటాడో చూడాలంటే ఆయనను చూడాలి. పొద్దున్నే లేచి పార్కులో గడ్డి పీకేవాడు. ఎవరూ పీకమని చెప్పలేదు. గద్దె చుట్టూ ఊడ్చి, నీళ్లు చల్లి, దాని పక్కనే కూర్చునేవాడు. అందరూ ఆయనను మైసమ్మ భక్తుడనుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. నాకు తెల్లవారితే పుస్తకం, పొద్దుగూకితే పుస్తకం. పార్కులో చదువుకోవడానికి పోయేవాణ్ని కాబట్టి ఇద్దరం ఒకే బెంచీ పంచుకునేవాళ్లం.

ఒక పెత్రమాస నాడు అసలు సంగతి బయటపడింది. పెత్రమాస అంటే ఇక్కడ చనిపోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్య. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. మధ్యాహ్నం ఆయన ఒక విస్తరి తెచ్చి గద్దె మీద పరిచాడు. అన్నం, కోడికూర, గారెలు పెట్టాడు. సీసాలోంచి కల్లు ధారగా పోశాడు. అంతవరకూ మైసమ్మకు చేసేదే. చివరకు అంగీ జేబులోంచి తంబాకు పొట్లం తీసి, కాస్త అరచేతిలో నలిపి విస్తరి అంచున పెట్టాడు.

"మైసమ్మకు తంబాకు గూడ పెడ్తరా ఎల్లన్నా?" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "ఈ మైసమ్మకు పెడ్తరు సారు" అన్నాడు. చేతులు దులుపుకుంటూ, "ఇది లేకుంటె కలుపుల వొంగకపోయేది. ఎన్నిమార్లు తిట్టిన్నో. పండ్లు పాడైతయే అని. పండ్లు పాడుగాక ముందే పాయె" అన్నాడు.

ఆ గద్దె కింద ఉన్నది ఆయన భార్య సమ్మమ్మ.

వాళ్లలో కాల్చరు, బొంద పెడతారు. చెలక ఉన్నవాళ్లు ఊరి బొందలగడ్డకు పోరు, సొంత చెలకలోనే ఒక మూల పెట్టుకుని మీద గద్దె కట్టుకుంటారు. వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా పత్తిచేల మధ్య అటువంటివి కనిపిస్తాయి. పని మధ్యలో దాని పక్కనే కూర్చుని సద్ది తింటారు. అందులో భయం లేదు, వింత లేదు. సమ్మమ్మ కామెర్లతో పోయింది. ఆమెను పెట్టిన మూల పక్కనే ఆయన ఏళ్లతరబడి దున్నాడు, విత్తాడు, ఏరాడు.

తర్వాత చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే భూములు వెంచర్‌కు అమ్మేశారు. మూడు దిక్కులా హద్దురాళ్లు పడ్డాయి, నాలుగో దిక్కు కాలువ. బండి పోయే బాట మూసుకుపోయింది. అమ్మనని మొండికేసి రెండు పంటకాలాలు గడిపాడు. ఎరువు బస్తాలు భుజాన మోసుకుపోయాడు. అమ్మాల్సిందేనని పట్టుబట్టి కొడుకు రాజమౌళి ఇంట్లో అన్నం తినడం మానేశాడు. చివరకు వెంచర్ వేస్తున్న రాంప్రసాద్ ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఆ మాటలు ఎల్లస్వామి నాకు అప్పచెప్పినట్టే చెప్పాడు.

"కాకా, నీ ఫికర్ నాకు ఎర్కే. కాకమ్మ గోరి ముట్టము. రెండు తీర్లున్నయ్. గోరి పడ్డకాడ ఒక ప్లాటు నీ పేరు మీద రిజిస్ట్రీ చేపిస్త. లేదంటె ఆ మూలను పార్కు కింద ఇడుస్త. పార్కంటె ఎవ్వనిదీ కాదు, అందరిదీ. ఎవ్వడు ఇల్లు కట్టడు, ఎవ్వడు అమ్మడు. ఏది కావాల్నో చెప్పు."

ఎల్లస్వామి ఆలోచించాడు. తన పేరు మీద ప్లాటు ఉంటే తన తర్వాత అది కొడుకుది. కొడుకు అమ్ముతాడు. అమ్మడని చెప్పలేం, రేట్లు అట్లా ఉన్నాయి. కొన్నవాడు పునాది తవ్వుతాడు. పార్కయితే నలుగురిది. ఊళ్లో నలుగురిది అయిన దేన్నీ ఎవరూ ముట్టుకోరు. పశువుల బీడుగానీ, బొడ్రాయిగానీ, చావిడి అరుగుగానీ, తాతల నాటి నుంచి ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి. ఒక్కడి చేతిలో ఉన్నదే పోతుంది, పదిమంది చేతిలో ఉన్నది పోదు. ఇది ఆయన పుట్టి పెరిగిన లెక్క.

పార్కే కావాలన్నాడు. దానికి ఎదురుగా ఉండే ప్లాటు మాత్రం డబ్బు పెట్టి కొనుక్కున్నాడు.

నేను ఆ తర్వాత ఎన్నోసార్లు ఈ లెక్క గురించి ఆలోచించాను. ఊళ్లో నలుగురిది అంటే ముట్టకూడనిది. కాలనీలో నలుగురిది అంటే కమిటీ వేసి ఏదో ఒకటి చేయవలసినది. ఈ తేడా ఆయనకు ఎవరు చెప్పాలి? చదువుకున్న నాకే కమిటీ మీటింగులకు పోయిన తర్వాత తెలిసింది.

రాంప్రసాద్ ఇంకొక మాట కూడా అడిగాడట. "గోరి మీది పేరు రాయి జర తీసిపెట్టు కాకా, ప్లాట్లు అమ్ముడుపోయేదాక." ఎల్లస్వామి తీశాడు. రాయి పోయాక గద్దె మిగిలింది. గద్దెకు ఒక పేరు కావాలి కదా, రాంప్రసాద్ మనుషులు మైసమ్మ అన్నారు.

"మరి నువ్వెందుకు ఊకున్నవ్ ఎల్లన్నా?"

"ఊకోక ఏంజెయ్యాలె సారు? గోరి అంటె తవ్వుతరు. మైసమ్మ అంటె మొక్కుతరు. మొక్కితె మంచిదే గదా, తవ్వరు." విస్తరి మీద వాలుతున్న కాకిని తరమకుండా చూస్తూ, "మీరు ఎవ్వలికి చెప్పకుండ్రి. మీ ఇంట్ల అమ్మకు గూడ" అన్నాడు.

నేను చెప్పలేదు.

ఆ సాయంత్రం కాలనీ ఆడవాళ్లందరూ బతుకమ్మలు తెచ్చి ఆ గద్దె చుట్టూనే పెట్టి ఆడారు. పట్టుచీరలు, చప్పట్లు, మైకులో పాటలు. నా భార్య గద్దెకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి వచ్చింది. ఎల్లస్వామి తన వాకిట్లో కూర్చుని చూస్తున్నాడు. నేను పక్కకు పోయి కూర్చుంటే చిన్నగా నవ్వాడు.

"బతికినప్పుడు ఆడుదామంటె తీరకపోయేది సారు. పొద్దుందాక కైకిలి పనే. ఇప్పుడు సూడుండ్రి, ఇంతమందితోని చుట్టూత ఆడిపిచ్చుకుంటాంది. నసీబు."

ఆయనను నేను సంతోషంగా చూసింది ఆ ఒక్క సాయంత్రమే.

ఆ సంతోషాన్ని పాడుచేసింది ఎవరో దుర్మార్గులు కాదు. అదే నాకు మింగుడుపడదు. కాలనీ కమిటీ ప్రెసిడెంట్ శ్యాంసుందర్ మంచివాడే. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. వీధిదీపాలు వెలగకపోతే తానే ఆఫీసుకు పోయి కూర్చుని బాగు చేయించుకుని వస్తాడు. ఆయన భార్య స్నేహలత మనవరాలికి జ్వరం తగ్గక దవాఖానలో పడి ఉంటే మైసమ్మకు మొక్కుకుంది. జ్వరం తగ్గింది. తగ్గగానే చీర పెట్టింది. ఆ తర్వాత ఒకరికి ఉద్యోగం, ఒకరికి సంబంధం. శుక్రవారాలు కొబ్బరికాయలు మొదలయ్యాయి. సమ్మమ్మ బతికుండగా ఎవరికీ ఏమీ ఇవ్వగలిగిన మనిషి కాదు. ఇప్పుడు కాలనీకంతా ఇస్తోంది.

మొక్కులు తీరిన దేవత ఎండలో ఉంటే బాగుండదు. ఒక ఆదివారం పొద్దున పార్కులోనే మీటింగు పెట్టారు. కుర్చీలు వేసి, టీ పోసి, శ్యాంసుందర్ నిలబడి మాట్లాడాడు.

"తల్లి దయతోని అందరం చల్లగున్నం. ఇట్ల ఎండకు వానకు పెట్టుడు మనకు మంచిగ కాదు. గుడి కడుదాం. చిన్నదే. విగ్రహానికి ఆర్డరిద్దాం. అయ్యగారు ముహూర్తం చూసిండు. గద్దె తీసి, మనిషి లోతు పునాది తవ్వి, యంత్రం వేసి ప్రతిష్ఠ చేద్దాం. ఎవరికైనా అభ్యంతరమా?"

అందరూ చప్పట్లు కొట్టారు. వెనుక వరుసలో ఎల్లస్వామి లేచి నిలబడ్డాడు. ఆయన ఏ మీటింగులోనూ నోరు తెరిచిన మనిషి కాదు. విరాళం చెప్తాడేమోనని శ్యాంసుందర్ కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"చెప్పుండ్రి ఎల్లస్వామిగారూ."

"తవ్వకుండ్రి సారు."

"పునాది తవ్వకుంటె గుడెట్ల నిలబడ్తది పెద్దమనిషీ?"

"పక్కకు కట్టుకోండ్రి. ఇంత పార్కున్నది. అదొక్కటి ఇడిచిపెట్టుండ్రి."

"అదేంది, తల్లి ఉన్నకాడ కట్టకుండ పక్కకు కడ్తరా?" అంది స్నేహలత.

ఎల్లస్వామి రాజమౌళి వైపు చూశాడు. రాజమౌళి తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడు. నా వైపు చూశాడు. నేను ఏమనగలను, చెప్పవలసిన మాట ఆయనది.

"అండ్ల తల్లి లేదమ్మా. మా ఇంటిది ఉన్నది" అన్నాడు.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. "ఇంటిదంటే?" అన్నారెవరో. ఆయన చెప్పాడు. బొంద పెట్టినప్పటి నుంచి పేరు రాయి తీసినదాకా, ఏదీ దాచకుండా, పొలం హద్దులు చెప్పినట్టు చెప్పాడు. చెప్పి కూర్చున్నాడు.

టీ కప్పులు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. స్నేహలత తన రెండు అరచేతులూ చూసుకుంది, వాటికేదో అంటినట్టు. "పీనుగకా మేము చీర పెట్టింది?" అని పక్కనున్నామెను అడిగింది.

"మా పిల్లలు దాని మీదెక్కి ఆడిన్రు" అన్నది ఇంకొకామె.

"కాలనీ నడిమిట్ల బొందలగడ్డ. లోను తీసుకొని కొన్నం మేము. ఎవడన్న చెప్పిండా?"

"ముసలాయన ఇన్నేండ్లు మనతోని మొక్కిచ్చుకున్నడు. నటన."

ఈ చివరి మాట ఎల్లస్వామి విన్నాడు. "నేను మొక్కుమన్ననా అమ్మా?" అని మెల్లగా అడిగాడు. 

శ్యాంసుందర్ అక్కడే రాంప్రసాద్‌కు ఫోను చేసి స్పీకరు పెట్టాడు. రాంప్రసాద్ ఇప్పుడు ఇంకో వైపు ఇంకో వెంచర్ వేస్తున్నాడు. "గా మైసమ్మ ముచ్చట నేనెప్పుడన్నా సారు? మా పిల్లగాండ్లు అన్నరేమో. గోరి ఉన్నదని ముసలాయనకు ఎర్కే, ఆయన మీ నడుమనే ఉన్నడు. ఆయన చెప్పాలె గదా" అన్నాడు. ఆ ఫోనుతో తప్పంతా ఒక్క మనిషి మీదికి వచ్చి ఆగింది.

ఇంటికి వచ్చాక విజయలక్ష్మి నేరుగా బాత్రూంలోకి పోయింది. తలస్నానం చేసి వచ్చి, తడి జుట్టుతోనే అడిగింది.

"మీకెరుకనా?"

"ఎరుకే."

"నేను పసుపు రాస్తాంటె చూసుకుంట కూసున్నరు."

"రాస్తే ఏమైంది? ఆమె ముత్తయిదువగనే పోయింది."

"మీ పుస్తకాల మాటలు నాకొద్దు" అని లోపలికి పోయింది. తర్వాత వంటింట్లోంచి, "తంబాకు తినేదా ఆమె?" అని అడిగింది. అవునన్నాను. 

అయ్యగారిని పిలిపించారు. భూమిలో ఎముకలుంటే శల్యదోషమని, ముందు అవి తీసి శుద్ధి చేసిన తర్వాతే ఏదైనా కట్టాలని ఆయన చెప్పాడు. పిలిచింది అందుకే కనుక అదే చెప్పాడు. దేవత అయితే తవ్వి గుడి కడతారు. శవమైతే తవ్వి పారేస్తారు. ఎల్లస్వామి నిజం చెప్పినా చెప్పకపోయినా గడ్డపార ఆ చోటికే వస్తుంది.

ఎవరూ ఆయనను బెదిరించలేదు. మా కాలనీ మర్యాద గల కాలనీ. నాలుగైదు ఇళ్ల వాళ్లు రాజమౌళికి ఫోను చేసి, రేపటి నుంచి నీళ్ల క్యాను వద్దన్నారు, అంతే. మరుసటి వారం ఇంకొన్ని ఇళ్లు. కారణం ఎవరూ చెప్పలేదు. రాజమౌళి ఆటో నిండా క్యాన్లు తీసుకుపోయి సగం వెనక్కి తెచ్చేవాడు. ఆ సగం క్యాన్లను దింపుకుంటూ తండ్రి ముందు వాటిని కావాలని చప్పుడు చేసి పెట్టేవాడు. కమిటీ అడిగిన ఒప్పుదల కాగితం మీద మొదట అతనే సంతకం చేశాడు. ఆ తర్వాత ఎల్లస్వామి వేలిముద్ర వేశాడు. ఒక్క షరతు పెట్టాడు, తానే తీస్తానని.

తీసిన రోజు పొద్దున జేసీబీ వచ్చి గద్దెను లేపింది. సిమెంటు గట్టిది, రెండు దెబ్బలకు గానీ రాలేదు. ఆ తర్వాత ఆయన జేసీబీని ఆపించి గోతిలోకి దిగాడు. చుట్టూ ఇళ్ల కిటికీలు మూసుకున్నాయి. అంతకుముందు బతుకమ్మ ఆడిన చోట నేను, శ్యాంసుందర్, అయ్యగారు, జేసీబీ డ్రైవర్, మరో ఇద్దరు మాత్రమే నిలబడ్డాం. రాజమౌళి గేటు దగ్గర ఉన్నాడు, లోపలికి రాలేదు.

ఆయన పార పక్కన పెట్టి చేతులతో మట్టి తీశాడు. చాలా సేపు పట్టింది. కొన్ని ఎముకలు, ఆకుపచ్చ గాజు ముక్కలు, నల్లబడిన మట్టెలు. ఒక్కొక్కటీ తుండుగుడ్డతో తుడిచి కొత్త మట్టి గురిగిలో వేశాడు. ఏడవలేదు. పైకి ఎక్కడానికి నేను చేయి ఇస్తే పట్టుకుని, "మట్టి ఇంక మెత్తగనే ఉన్నది సారు. పత్తికి మంచిగుండేది" అన్నాడు.

శ్యాంసుందర్ ముందుకు వచ్చి, "ఏమనుకోకుండ్రి పెద్దమనిషీ, అందరి మంచి కొరకే" అన్నాడు. నిజంగానే బాధపడుతూ అన్నాడు. ఎల్లస్వామి తల ఊపాడు.

గురిగిని ఇంట్లో పెట్టనని సుకన్య చెప్పింది. ఆమెను తప్పుపట్టలేను. చిన్నపిల్ల బాత్రూంకు ఒంటరిగా పోవడం మానేసింది. "మామా, నాకు అత్త మీద కోపం లేదు. నేను ఆమెను చూడనే లేదు. పిల్లలు బుగులుపడ్తాన్రు" అంది. ఆయన గురిగి మూతికి గుడ్డ కట్టి ఇంటి వెనుక జామచెట్టు కొమ్మకు వేలాడదీశాడు. మంచం ఆ చెట్టు కిందికి మార్చుకున్నాడు. తిరిగి పెట్టడానికి భూమి వెతకడం మొదలుపెట్టాడు.

ఊరి బొందలగడ్డ అడిగితే, అదీ ఇప్పుడు చుట్టూ గోడ కట్టి కాల్చే దిమ్మెలు వేసిన చోటు, పాత ఎముకలు తెచ్చి పెట్టే చోటు కాదన్నారు. తెలిసిన రైతులను అడిగితే, మా చెలకలో మీ మనిషెందుకన్నారు. ఒకడు నవ్వి, "రెండున్నర ఎకరాలు అమ్మినోనివి, మూరెడు జాగ అడుక్కుంటానవా" అన్నాడట. ఈ మాట చెప్పేటప్పుడు ఎల్లస్వామి కూడా నవ్వాడు. "నిజమే గదా సారు" అన్నాడు.

చివరకు రఘునాథపల్లి దగ్గర వెంకట్రాజం అనే దూరపు చుట్టం కబురు పంపాడు. వచ్చి చూడమన్నాడు. నన్ను తోడు రమ్మంటే బస్సులో పోయాం. రోడ్డు నుంచి లోపలికి చాలా దూరం నడిచాం. వెంకట్రాజం పొలంలో గట్టు వారన వాళ్ల అమ్మా నాన్నల గద్దెలు రెండున్నాయి. వాటి పక్కన ఖాళీ చూపించాడు.

"గీడ పెట్టుకో బావా. పైసలొద్దు. మా అవ్వకు తోడుంటది. నీకు గూడ పక్కపొంటి జాగున్నది, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

"నువ్వు అమ్ముతవా ఇది?" ఎల్లస్వామి అడిగాడు.

"నేనున్నన్నాళ్లు అమ్మ."

"గది చాలు. నేను గూడ నువ్వున్నన్నాళ్లే ఉంట."

ఆ గట్టు మీద ఇద్దరూ నవ్వుకున్నారు. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆయన చాలా మాట్లాడాడు. ఏ వారం తీసుకుపోవాలి, గద్దె ఎంత ఎత్తు కట్టాలి, ఇటుకలు అక్కడే కొనాలా. పేరు రాయి ఇంట్లోనే ఉంది, ఈసారి దాన్ని తీయమనేవాడు లేడు. కొంత దూరం పోయాక నిద్రపోయాడు. ఆయన తల నా భుజం మీదికి ఒరిగితే కదలకుండా కూర్చున్నాను.

ఇల్లు చేరేసరికి సాయంత్రం. నేరుగా వెనుకకు పోయాడు. నేను వాకిట్లో చెప్పులు విప్పుతున్నాను. జామచెట్టు కొమ్మకు తాడు ముక్క మాత్రం ఉంది.

"గురిగి ఏదిరా?"

రాజమౌళి అప్పుడే స్నానం చేసినట్టున్నాడు. నుదుట విభూతి. "కాళేశ్వరం పోయొచ్చిన బాపు. గోదావరిల కలిపిన. అయ్యగారు మంచిగ మంత్రాలు సదివిండు. పిండం గూడ పెట్టిచ్చిన" అన్నాడు.

"నన్ను అడుగకుంటనేనా?"

"అడిగితె నువ్వు ఒప్పుకుందువా? ఎన్నొద్దులు చెట్టుకు ఏలాడేసుకుంటవ్ అవ్వను? పిల్లలు అటు పోతలేరు. మంది క్యాన్లు ముట్టుతలేరు. నేను బతకాల్నా వద్దా? నాకు మాత్రం అవ్వ గాదా?" 

"మనం నీళ్లల్ల కలుపంరా. మనం బొంద పెడ్తం."

"జాగుంటె పెడ్తం బాపు. జాగేది మనకు?"

దానికి జవాబు ఎల్లస్వామి దగ్గర ఉంది. ఆ పొద్దున్నే చూసి వచ్చాడు, కొలుచుకుని వచ్చాడు. నేను నోరు తెరవబోతే చేత్తో ఆపాడు. కొడుకు వైపు తిరిగి, "అన్నం తిన్నవా? ఎప్పుడనంగ పోయినవో" అన్నాడు.

ఆ తర్వాత రఘునాథపల్లి మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే కొడుకు బతికినన్నాళ్లు దాన్ని మోయాలి. మోసేది తానే అనుకున్నాడు.

గుడి కట్టలేదు. ముహూర్తం దగ్గరికి వచ్చాక కాలనీలో ఉండే ఒక ఇంజనీరు, లేఅవుట్‌లో పార్కు కింద చూపిన జాగాలో గుడి కట్టడానికి పర్మిషన్ రాదని, ఎవరైనా ఫిర్యాదు చేస్తే కూల్చవలసి వస్తుందని చెప్పాడు. పైగా శవాన్ని తీసిన చోట దేవతను నిలపడానికి ఆడవాళ్లకు మనసు రాలేదు. గొయ్యి వానకు నిండి దోమలు పట్టింది. పూడ్చి, సిమెంటు చేసి, కసరత్తు చేసే ఇనుప సామాను బిగించారు. కాళ్లు ఊపేది ఒకటి, నడుము తిప్పేది ఒకటి. రాజమౌళి క్యాన్లు మళ్లీ మామూలయ్యాయి. మొదట తిరిగి పెట్టించుకున్నది స్నేహలతే. బతుకమ్మ మాత్రం పార్కు అవతలి చివరకు మారింది.

ఎల్లస్వామి గడ్డి పీకడం మానేశాడు. పెత్రమాస వస్తే ఇంట్లో సుకన్య చేసి ఫొటో ముందు పెడుతుంది. సమ్మమ్మకు విడిగా ఫొటో లేదు, రేషను కార్డు మీది బొమ్మను పెద్దది చేయించారు. ఆయన దాని వైపు చూడడు. "ఆమె గిట్లుండది" అంటాడు.

మొన్న మేమిద్దరం ఆయన వాకిట్లో కూర్చుని ఉండగా కారు ఆగింది. పక్క ప్లాటు అమ్మకానికి ఉంది. చూడడానికి వచ్చిన దంపతులు, వాళ్ల చిన్న కూతురు. పాప దిగీ దిగగానే పరుగెత్తి పోయి కాళ్లు ఊపే ఇనుప సామాను మీద నిలబడి ఊగుతోంది. తండ్రి మర్యాదస్తుడు, మా దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టాడు.

"పెద్దయ్యా, ఇక్కడ నీళ్లు మంచిగుంటయా?"

"మంచిగుంటయ్. బోరు ఎండదు."

"ఫ్యామిలీలకు ఇబ్బంది ఏం లేదు గదా?"

"ఏం లేదు. అందరు మంచోళ్లు."

అతను చుట్టూ చూశాడు. భార్య అతని మోచేయి తట్టింది, అడుగు అన్నట్టు. "ఏం లేదు పెద్దయ్యా, మా ఆమెకు జర పట్టింపు. వెంచర్ కాకముందు ఈ జాగల ఏముండె? బొందలు గిట్ల ఏమన్న..."

నేను ఎల్లస్వామి ముఖం చూడలేకపోయాను. పాప ఊగుతున్న ఇనుము కీచుమంటోంది.

"చెలక ఉండె" అన్నాడు ఎల్లస్వామి. "పత్తి పండేది."

"ఎవరిది?"

ఆయన పాప వైపు చూస్తూ చెప్పాడు.

"ఎవరిదో బిడ్డా. నాకు ఎర్కలేదు."